ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ ఆపరేషన్: తుపాకులు కళ్లముందే వెళ్లిపోతుంటే ఎందుకు ఆపలేదు?

ఫీనిక్స్_ఎండ
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన వారం పిల్లలతో అరిజోనాలోని టూసాన్ నుంచి మెక్సికో సరిహద్దు మీదున్న నోగాలెస్ దాకా వెళ్లొచ్చాం. ఐ-19 హైవే అది. దారి పొడవునా దూరాలు కిలోమీటర్లలో రాసి ఉంటాయి, మన వైపు రోడ్డు మీద వెళ్తున్నట్టే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆపి కాగితాలు చూసి రెండు నిమిషాల్లో పంపించేశారు. అంతకు కాస్త ముందే రియో రికో ఎగ్జిట్ బోర్డు కనపడింది. అప్పటి నుంచి ఒక విషయం మనసులోంచి పోవడం లేదు, ఇక్కడ నడిచిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ అనే ప్రభుత్వ ఆపరేషన్.

ఆ రియో రికో దగ్గర పెక్ కాన్యన్ అనే లోయ ఉంది. 2010 డిసెంబర్ 14 రాత్రి అక్కడ బ్రయాన్ టెర్రీ అనే బోర్డర్ పెట్రోల్ ఏజెంటును కాల్చి చంపారు. 40 ఏళ్ల మనిషి. మిషిగన్ వాడు. అంతకు ముందు మెరైన్ దళంలోనూ పోలీసు శాఖలోనూ పనిచేశాడు. డ్రగ్స్ మోసుకొచ్చేవాళ్లను దోచుకునే ముఠా ఒకటి ఆ లోయలో తిరుగుతోందని వీళ్ల బృందం కాపు కాసింది. ఏజెంట్లు ముందు ప్రాణం తీయని బీన్‌బ్యాగ్ గుళ్లు పేల్చారు. అటు నుంచి మాత్రం నిజం తూటాలు వచ్చాయి.

అక్కడ రెండు ఏకే తరహా రైఫిళ్లు దొరికాయి. నంబర్లు వెతికితే, అదే ఏడాది జనవరి 16న ఫీనిక్స్ పక్కనే ఉన్న గ్లెండేల్‌లో ఒక షాపులో కొన్నవని తేలింది. కొన్నవాడు అప్పటికే ఏటీఎఫ్ అనుమానితుల జాబితాలో ఉన్నాడు. ఏటీఎఫ్ అంటే తుపాకుల అక్రమ వ్యాపారాన్ని అరికట్టాల్సిన కేంద్ర సంస్థ. వాడు వచ్చాడు, కొన్నాడు, కారులో పెట్టుకుని పోయాడు. ఎవరూ ఆపలేదు.

ఆ షాపు మా ఇంటికి 20 నిమిషాల దూరం. ఆపకపోవడం పొరపాటా, లేక పథకమే అదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు_కుర్రాడు
శనివారం, రాత్రి 10:15

అన్నా, నాకు ఇక్కడే అర్థం కావడం లేదు. స్టింగ్ ఆపరేషన్ అంటే దొంగను పట్టుకోవడానికి వేసే వల కదా? మన ఏసీబీ వాళ్లు నోట్లకు పౌడర్ రాసి పంపిస్తారు, లంచం చేతిలో పడగానే పట్టుకుంటారు. ఆ నోట్లు పట్టుకుని ఆఫీసర్ ఇంటికెళ్లి ఖర్చుపెట్టేదాకా ఆగరు. ఇక్కడ తుపాకీ షాపు గడప దాటగానే ఎందుకు పట్టుకోలేదు?

నల్లకోటు
శనివారం, రాత్రి 11:30

తమ్ముడూ, నేను టెక్సాస్‌లో లాయరుగా పనిచేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మెక్సికోలో తుపాకీ చట్టబద్ధంగా కొనడం చాలా కష్టం. సైన్యం నడిపే దుకాణంలోనే కొనాలి. అందుకని అక్కడి డ్రగ్స్ ముఠాలు ఉత్తరాన ఉన్న అమెరికా వైపు చూస్తాయి. అరిజోనాలో నేరచరిత్ర లేని పెద్దవాళ్లు ఎవరైనా షాపుకెళ్లి, 4473 అనే ఫారం నింపి, ఒకేసారి పది రైఫిళ్లు కొనుక్కోవచ్చు. ముఠా మనిషి తానే వెళ్లడు. ఏ మచ్చా లేని కుర్రాడికి డబ్బిచ్చి పంపుతాడు. మన భాషలో బినామీ కొనుగోలు. ఫారంలో 'అసలు కొనుగోలుదారు మీరేనా' అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునని రాస్తే అది అబద్ధం. అప్పట్లో నేరం ఆ అబద్ధమే. బినామీ కొనుగోలు అనిగానీ తుపాకుల అక్రమ రవాణా అనిగానీ విడిగా ఫెడరల్, అంటే కేంద్ర, చట్టం లేదు. 'నా కోసమే కొన్నాను, తర్వాత అమ్మాలనిపించింది' అంటే కాదని నిరూపించాలి. దొరికిన బినామీలకు తరచూ చిన్న శిక్షలే పడేవి, ముఠా ఇంకొకణ్ని వెతుక్కునేది.

దాంతో ఏటీఎఫ్ ఫీనిక్స్ విభాగం 2009 చివర్లో దారి మార్చింది. దాని పేరే ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్. చిన్న చేపలను వదిలేసి, అవి ఎవరి దగ్గరికి వెళ్తున్నాయో చూసి, మొత్తం ముఠాను ఒకేసారి లాగుదామనుకుంది. అరిజోనా ఫెడరల్ ప్రాసిక్యూటర్ల ఆఫీసు కూడా ఆ ఆలోచనతోనే నడిచింది. కాబట్టి ఫీనిక్స్ గారి ప్రశ్నకు జవాబు: పథకమే.

పాత_కస్టమ్స్
ఆదివారం, ఉదయం 6:50

అందరికీ శుభోదయం. నేను విశాఖలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యాను. నల్లకోటు గారు చెప్పిన పద్ధతి మాకు కొత్త కాదు, కంట్రోల్డ్ డెలివరీ అంటాం. మన మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో 2001లో 50ఏ సెక్షన్‌గా చేర్చారు కూడా. సరుకు పట్టుబడిందని చెప్పకుండా ముందుకు పోనిచ్చి, అందుకునేవాణ్ని పట్టుకోవడం.

కానీ ఆ పేరులో మొదటి మాట కంట్రోల్డ్. దాన్ని మరిచిపోతే మిగిలేది డెలివరీ ఒక్కటే.

మేం చేసినప్పుడు వీలైతే పెట్టెలో అసలు సరుకు తీసేసి అలాంటిదే వేరేది పెట్టేవాళ్లం. బండి వెనక ఒక బండి, ముందు ఒక బండి. చేరాల్సిన చోట ముందే మనుషులు. ఎక్కడ చెయ్యి జారుతుందనిపిస్తే అక్కడే ఆపెయ్యాలి, కేసు పోయినా సరే. ఒకసారి రాత్రిపూట లారీ మా కళ్లు గప్పి 20 నిమిషాలు కనపడలేదు. టోల్ గేటు దగ్గర దొరికింది. ఆ 20 నిమిషాల టెన్షన్‌లో నా పై ఆఫీసర్ పక్క సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అది గంజాయి. తుపాకీ కూడా కాదు.

నాకు ఒకటే తెలుసుకోవాలని ఉంది. ఆ తుపాకుల వెనక ఎవరు వెళ్లారు? సరిహద్దు దాటాక అందుకోవడానికి అవతల ఎవరున్నారు?

ఫీనిక్స్_ఎండ
ఆదివారం, ఉదయం 8:20

కస్టమ్స్ గారూ, మీ ప్రశ్నకు జవాబు రాయాలంటేనే బాధగా ఉంది. అవతల ఎవరూ లేరు.

వాళ్లు చేసింది ఇది. షాపు పార్కింగ్ వైపు కెమెరా పెట్టారు. అమ్మిన ప్రతి తుపాకీ నంబరు ఒక అనుమానాస్పద జాబితాలో ఎక్కించుకున్నారు. కొన్నవాడి కారు వెనక కొంత దూరం వెళ్లేవారు. కారు ఒక ఇంటికో స్టోరేజ్ గదికో చేరాక చాలాసార్లు నిఘా ఎత్తేయమని ఆదేశం వచ్చేది. ఏటీఎఫ్ తాత్కాలిక డైరెక్టరు కెన్నెత్ మెల్సన్ కూడా వాషింగ్టన్‌లోని తన ఆఫీసు నుంచి ఆ కెమెరా దృశ్యాలు చూసేందుకు వివరాలు అడిగి తెప్పించుకున్నారని తర్వాత బయటపడిన ఈమెయిళ్లు చెప్పాయి.

ఇలా దాదాపు 2,000 తుపాకులు పోయాయి. విలువ సుమారు 15 లక్షల డాలర్లు. వాటిలో ఏకే తరహా రైఫిళ్లే ఎక్కువ, .50 క్యాలిబర్ బారెట్ అనే భారీ రైఫిళ్లు కూడా ఉన్నాయి. ఒక్క బినామీయే 600 పైగా కొన్నాడు. అతను ప్రభుత్వం పేదలకిచ్చే ఫుడ్ స్టాంపుల మీద బతుకుతున్నాడు. ఆ మనిషి కొన్ని లక్షల డాలర్ల తుపాకులు నగదిచ్చి కొంటుంటే ఇంకే రుజువు కావాలి?

షాపు యజమానికి కూడా భయం వేసింది. 2010 జూన్‌లో ఏటీఎఫ్‌కు ఈమెయిల్ రాశాడు. తనకు దక్షిణ అరిజోనాలో బోర్డర్ పెట్రోల్‌లో చేసే స్నేహితులు ఉన్నారని, వాళ్ల ప్రాణం మీదికి వచ్చే పనిలో తాను సాయం చేయలేనని. ఆరు నెలల తర్వాత దక్షిణ అరిజోనాలోనే బోర్డర్ పెట్రోల్ మనిషే పోయాడు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పాత_కస్టమ్స్
ఆదివారం, ఉదయం 9:05

అర్థమైంది. నంబరు రాసుకోవడాన్నే నిఘా అనుకున్నారు. నంబరు రాసుకున్న తుపాకీ మళ్లీ ఎప్పుడు కనపడుతుంది? ఎవరో దాన్ని వాడి పడేసినప్పుడు. అంటే అవతల నేరం జరిగితేనే ఇక్కడ ఫైలులో ఒక గీత పడుతుంది. ఇలాంటి ప్లాను మీద ఎవరు సంతకం పెడతారండీ?

హ్యూస్టన్_బాబాయ్
ఆదివారం, ఉదయం 11:40

పెట్టింది ఒబామా ప్రభుత్వం. ఎరిక్ హోల్డర్ అటార్నీ జనరల్, అంటే ఏటీఎఫ్ ఉండే న్యాయశాఖకు మంత్రి. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, కాగితాలు అడిగితే ఇవ్వలేదు. 2012 జూన్ 20న అధ్యక్షుడు తన ప్రత్యేక అధికారం వాడి అడ్డుపడ్డాడు. జూన్ 28న ప్రతినిధుల సభ 255–67 ఓట్లతో హోల్డర్‌ను ధిక్కార నేరం కింద తప్పుపట్టింది. పదవిలో ఉన్న కేబినెట్ మంత్రికి అలా జరగడం అదే మొదటిసారి. దాచడానికి ఏమీ లేకపోతే ఎందుకు దాచారు?

ఇంకోటి, 2011 ఫిబ్రవరి 4న న్యాయశాఖ సెనేటర్ గ్రాస్లీకి ఉత్తరం రాసింది. మెక్సికోకు తుపాకులు పోకుండా ఏటీఎఫ్ అన్ని ప్రయత్నాలూ చేస్తుందని. పది నెలల తర్వాత, డిసెంబర్ 2న, ఆ ఉత్తరంలో తప్పులున్నాయని తామే వెనక్కి తీసుకున్నారు. ఒక సెనేటర్‌కే ఇలా రాస్తే మామూలు మనిషి గతేమిటి?

నల్లకోటు
ఆదివారం, మధ్యాహ్నం 1:10

బాబాయ్ గారూ, ఉత్తరం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది క్షమించరానిది. కాగితాలు దాచిన తీరు కూడా అనుమానాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు.

అయితే ఒక పార్టీ మీదికి నెట్టేస్తే సగం కథే చెప్పినట్టవుతుంది. ఇదే అరిజోనాలో, టూసాన్‌లో, 2006–07లో బుష్ హయాంలో 'వైడ్ రిసీవర్' అని ఇదే తరహా ఆపరేషన్ నడిచింది. అప్పుడు 400 పైగా తుపాకులు అమ్ముడయ్యాయి, చాలావరకు మెక్సికో వైపు పోయాయి. నిఘా పరికరాలు సరిగా పనిచేయలేదు. కేసులు ఏళ్ల తరబడి మూలన పడ్డాయి. ఆ అనుభవం కళ్లముందు ఉండగా మళ్లీ అదే రాష్ట్రంలో అంతకు నాలుగింతలు చేశారు. నాకు అన్నింటికంటే మింగుడుపడనిది అదే.

2012 సెప్టెంబర్ 19న న్యాయశాఖలో తప్పులు విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ మైకేల్ హోరోవిట్జ్ 471 పేజీల నివేదిక ఇచ్చారు. ఓపిక ఉంటే చదవండి. టెర్రీ చనిపోకముందు హోల్డర్‌కు ఈ సంగతి తెలుసనడానికి ఆధారం దొరకలేదని అందులో ఉంది. అలాగే ఫీనిక్స్ ఏటీఎఫ్ నుంచి అరిజోనా ప్రాసిక్యూటర్లు, వాషింగ్టన్ అధికారుల దాకా 14 మంది మీద క్రమశిక్షణ చర్య పరిశీలించమని కూడా ఉంది. అరిజోనా యూఎస్ అటార్నీ, అంటే అక్కడి ఫెడరల్ ప్రాసిక్యూటర్ల పెద్ద, డెనిస్ బర్క్ అంతకు ముందే, 2011 ఆగస్టులో, రాజీనామా చేశారు. అదే రోజు మెల్సన్‌ను ఆ కుర్చీలోంచి మార్చారు.

నివేదిక చదివితే ఒక్క విలన్ కనపడడు. ప్రాసిక్యూటర్ సాక్ష్యం చాలదంటాడు, ఏజెంటు సరే ఇంకొన్నాళ్లు చూద్దామంటాడు, పైవాడు సంఖ్య పెరుగుతోందని కాస్త కంగారుపడి ముగించే ప్లాను రాయమంటాడు, ఆ ప్లాను రాదు. రోజూ షాపులో అమ్మకం సాగుతూనే ఉంటుంది.

సోనోరా_గాలి
ఆదివారం, రాత్రి 8:30

ఇంతసేపూ చదివాను. నేను మాంటెర్రేలో ఐటీ కంపెనీలో చేస్తున్నాను. మెక్సికోకు వచ్చి ఆరేళ్లయింది, మొదటి ఏడాది సోనోరాలో ఉన్నాను. ఒక్క మాట చెప్పాలనుంది, తప్పుగా అనుకోకండి.

ఈ చర్చలో ఇప్పటిదాకా ఒక్క పేరే వచ్చింది, టెర్రీ. ఆయన చావు పెద్దదే. కానీ ఆ 2,000 తుపాకులు ఏ దేశానికని కొన్నారు? మెక్సికో ప్రభుత్వానికి ఈ ఆపరేషన్ సంగతి చెప్పలేదు. అంతకంటే దారుణం, మెక్సికో సిటీలో ఉన్న ఏటీఎఫ్ సొంత మనుషులకే అసలు విషయం దాచారు. తమ దగ్గర దొరుకుతున్న తుపాకులు పదేపదే ఒకే ఫీనిక్స్ కేసుకు తగులుతుంటే వాళ్లే కంగారుపడి అడిగారు. 2011 జూలైలో వాళ్లు కాంగ్రెస్ ముందుకొచ్చి ఆ కోపమంతా చెప్పారు.

2010 అక్టోబరులో చిహువాహువా రాష్ట్ర అటార్నీ జనరల్‌గా అప్పుడే దిగిపోయిన పాట్రీసియా గొన్సాలెజ్ సోదరుడు మారియోను ఎత్తుకుపోయారు. చుట్టూ తుపాకులు పట్టుకుని నిలబడి ఆయనతో వీడియోలో మాట్లాడించారు. తర్వాత శవం దొరికింది. ఆ కేసులో నిందితుల దగ్గర పట్టుబడ్డ ఆయుధాల్లో రెండు ఈ ఆపరేషన్‌వే. ఆ సంగతి వాళ్లింటికి అమెరికా ప్రభుత్వం వెంటనే చెప్పలేదు.

ఆయన పెద్ద కుటుంబం వాడు కాబట్టి పేరు తెలిసింది. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ తమ్ముడు 2011లో కనపడకుండా పోయాడు. అతని కేసులో తుపాకీ ఎక్కడిదని ఎవరూ వెతకలేదు. ఆవిడ ఇప్పటికీ నెలకోసారి సెలవు పెట్టి తల్లిని ఆఫీసుల చుట్టూ తిప్పుతుంది. ఆ తుపాకీ ఫీనిక్స్‌దని నేను అనడం లేదు. ఇక్కడ ఇలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి, లెక్క రాసేవాళ్లు లేరు, అంతే.

కర్నూలు_కుర్రాడు
ఆదివారం, రాత్రి 9:10

అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఇన్నాళ్లూ నేను దీన్ని అమెరికా రాజకీయాల గొడవ అనుకున్నాను.

ఒక సందేహం. 2011 ఫిబ్రవరిలో మెక్సికోలో ఇంకో అమెరికా ఏజెంటు హైమే సపాటాను చంపారు కదా, అవి కూడా ఈ తుపాకులేనా?

నల్లకోటు
ఆదివారం, రాత్రి 9:45

కాదు తమ్ముడూ, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. సపాటా కేసులో తుపాకులు టెక్సాస్‌లో కొన్నవి, వేరే ముఠా, వేరే దర్యాప్తు. అక్కడ కూడా ముందే ఆపి ఉండొచ్చన్న విమర్శ వచ్చింది, అది వేరే చర్చ. అలాగే టెర్రీ విషయంలో కూడా ఒకటి నిజాయతీగా చెప్పుకోవాలి. ఆయన్ను తాకిన తూటా ఆ రెండు రైఫిళ్లలో దేనిలోంచి వచ్చిందో ల్యాబ్ తేల్చలేకపోయింది. అవి ఆ చోట ఉన్నాయన్నది మాత్రం ఖాయం.

మెక్సికోలో దొరికే తుపాకుల్లో ఇంత శాతం అమెరికావే అని రాసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. 2009–2014 మధ్య నంబరు పంపి వెతికించిన వాటిలో దాదాపు 70 శాతం అమెరికా నుంచి వచ్చినవని జీఏఓ అనే ఆడిట్ సంస్థ చెప్పింది. వెతికించిన వాటిలో. పట్టుబడ్డ ప్రతి తుపాకీ నంబరూ పంపరు.

ఫీనిక్స్_ఎండ
సోమవారం, ఉదయం 7:15

సోనోరా గారూ, మీరు రాసింది రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. మొదటి పోస్టులో నేనూ ఆ తప్పే చేశాను. మన్నించండి.

ఇది బయటికి ఎలా వచ్చిందో కూడా రాయాలి. జాన్ డాడ్సన్ అనే ఏటీఎఫ్ ఏజెంటు. ఫీనిక్స్ బృందంలోకి బదిలీ మీద వచ్చి, వెళ్లిపోతున్న కారును ఆపుదామా అని రేడియోలో అడిగితే వద్దనే మాట విన్నవాడు. టెర్రీ చనిపోయాక ఉండబట్టలేక సెనేటర్ గ్రాస్లీ ఆఫీసుకు చెప్పాడు. 2011 మార్చిలో సీబీఎస్ టీవీలో ముఖం చూపించి మాట్లాడాడు. ఉద్యోగం, పెన్షన్, తోటివాళ్ల స్నేహం అన్నీ పణంగా పెట్టాడు. ఆయన నోరు విప్పకపోతే మనకు తెలిసేది ఒక్కటే: 2011 జనవరి 25న ఫీనిక్స్‌లో పట్టుబడ్డ తుపాకులు బల్లల మీద పేర్చి పెట్టిన ప్రెస్‌మీట్, 20 మంది మీద కేసు. ఆ 20 మందిలో కూడా ఎక్కువమంది బినామీలే. ఆపరేషన్ మొదలైన కొత్తలోనే తెలిసినవాళ్లే. పెద్ద చేపల్లో ఇద్దరు అప్పటికే ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చే మనుషులని తర్వాత తేలింది. పక్క ఆఫీసును ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

పాత_కస్టమ్స్
సోమవారం, ఉదయం 7:50

మాకూ ఇది తెలిసిన జబ్బే. ఒక శాఖ ఇంకో శాఖకు చెప్పదు, కేసు పేరు వాళ్లకు పోతుందని. డాడ్సన్ లాంటివాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లను బదిలీ చేయకుండా ఉంటే చాలు.

తర్వాత శిక్షలు పడ్డాయా?

నల్లకోటు
సోమవారం, ఉదయం 9:00

పడ్డాయండి, ఆలస్యంగా. ఆ రెండు రైఫిళ్లు కొన్న బినామీకి 57 నెలల జైలు, 2012 డిసెంబర్‌లో. కాల్పుల రాత్రి గాయపడి అక్కడే దొరికినవాడికి 2014లో 30 ఏళ్లు. టెర్రీని కాల్చిన మనిషిని మెక్సికోలో 2017లో పట్టుకున్నారు, 2020 జనవరిలో జీవిత ఖైదు వేశారు.

తుపాకుల లెక్క మాత్రం అలాగే ఉంది. 2012 ఫిబ్రవరి నాటికి రెండు దేశాల్లో కలిపి దొరికినవి 710. 2016 జనవరిలో మెక్సికోలోని లాస్ మోచిస్‌లో డ్రగ్స్ ముఠా నాయకుడు చాపో గుస్మాన్‌ను పట్టుకున్నప్పుడు ఆ ఇంట్లో దొరికిన .50 క్యాలిబర్ రైఫిల్ ఈ ఆపరేషన్‌దేనని న్యాయశాఖే ఒప్పుకుంది. 

చట్టం మారడానికి 2022 జూన్ దాకా పట్టింది. ఇప్పుడు బినామీ కొనుగోలు, తుపాకుల అక్రమ రవాణా విడిగా ఫెడరల్ నేరాలు, 15 ఏళ్ల దాకా శిక్ష. 2009లో ఈ సెక్షన్లు ఉండి ఉంటే ఫీనిక్స్ వాళ్లకు 'సాక్ష్యం చాలదు' అనే సాకు దొరికేది కాదు. అయినా ఉన్న చట్టంతో ఆపే అవకాశం వాళ్లకు చాలాసార్లు వచ్చిందని నివేదికలోనే ఉంది.

డాలస్_కొత్తోడు
సోమవారం, రాత్రి 10:20

అన్నలూ, రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. ఒకటి అడుగుతాను. నాకు గ్రీన్ కార్డు ఉంది. మా రూమ్మేట్ హెచ్-1బీ. ఈ మధ్య మా ఏరియాలో రెండు దొంగతనాలు జరిగాయి. 'నీ పేరు మీద ఒక పిస్టల్ కొను, డబ్బులు నేనిస్తాను, ఇంట్లోనే ఉంటుంది కదా' అంటున్నాడు. మంచివాడు, చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇది కూడా అదేనా?

నల్లకోటు
సోమవారం, రాత్రి 10:35

అదే తమ్ముడూ. అచ్చంగా అదే. ఫారంలో నువ్వు పెట్టే 'అవును' అబద్ధం అవుతుంది. పైగా హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడానికే వీల్లేదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. అతనికని తెలిసి కొనిస్తే ఇద్దరి మీదా కేసు. అతని వీసా, నీ కార్డు రెండూ పోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో ఒక మాజీ పోలీసు వాళ్ల అంకుల్‌కు కొనిచ్చాడు. ఆ అంకుల్‌కు సొంతంగా కొనుక్కునే అర్హత ఉంది. అయినా నేరమే అన్నారు.

డాలస్_కొత్తోడు
సోమవారం, రాత్రి 11:50

వాడికి ఈ చర్చ మొత్తం చూపించాను. సోనోరా అక్క రాసింది రెండుసార్లు చదివాడు. తుపాకీ మాట మళ్లీ ఎత్తలేదు. రేపు తలుపుకు కొత్త తాళం వేయిస్తున్నాం.